‘అస్తరు కుట్టిన తెర’: కుట్టింది ఎవరు?

సందేహం: ఇంట్లోనే కిటికీ తెరలు కుట్టుకునేవారి కోసం ఒక పాఠం రాస్తున్నాను. ఇవి పక్కలకు జరిపే పరదాలు కావు. తాడు లాగితే మడతలు మడతలుగా పైకి లేచే తెరలు, వెనక అస్తరు (లైనింగు బట్ట) వేసినవి. అందులో ‘అస్తరు కుట్టిన తెరను తిరగేసి బల్ల మీద పరచాలి’ అని రాశాను. చదివిన మిత్రురాలు ‘అస్తరు వెళ్లి తెరను కుట్టిందా? అస్తరు కుట్టబడిన తెర అనాలి’ అని అభ్యంతరం చెప్పారు. ఏది సరైనది? పాఠంలోని మరికొన్ని వాక్యాలు కూడా జతచేస్తున్నాను. దోషాలుంటే తెలుపగలరు.

సమాధానం: మీ వాక్యంలో దోషం లేదు. ‘కుట్టబడిన’ అని మార్చినందువల్ల వాక్యం బరువెక్కుతుందే తప్ప మీ మిత్రురాలి ప్రశ్నకు జవాబు దొరకదు. అయితే ఆమె ప్రశ్న కొట్టిపారేయదగినది కాదు. అలాంటి అనుమానం రావడానికి మన భాషలోనే చోటుంది.

‘కుట్టిన’ అనేదాన్ని మన వ్యాకరణాలు ధాతుజ విశేషణం అంటాయి. అది పని జరిగిపోయిందని చెబుతుంది, తన తరువాత వచ్చే నామవాచకానికి విశేషణంగా నిలుస్తుంది, అంతే. ఆ నామవాచకానికీ ఆ పనికీ ఉన్న సంబంధమేమిటో చెప్పే ప్రత్యయం ఏదీ అందులో లేదు. ‘తెర కుట్టిన మనిషి’ అన్నప్పుడు మనిషి కర్త; ‘మనిషి కుట్టిన తెర’ అన్నప్పుడు తెర కర్మ; ‘తెర కుట్టిన సూది’లో సూది సాధనం, ‘తెర కుట్టిన గది’లో గది స్థలం, ‘తెర కుట్టిన రోజు’లో రోజు కాలం. అన్నిచోట్లా ఉన్నది ఒకే ‘కుట్టిన’. వినేవాడు లోకజ్ఞానంతో ఆ సంబంధాన్ని పూరించుకుంటాడు. ‘తేలు కుట్టిన దొంగ’ అనే మాట విని, దొంగ తేలును కుట్టాడని ఎవరూ అనుకోరు కదా. ‘అస్తరు కుట్టిన తెర’ కూడా సరిగ్గా ఆ పోతలోదే, కాకపోతే అక్కడ మొదటి పదం కర్త, ఇక్కడ కర్మ. అక్కడి దొంగ కాటు తిన్నవాడు, ఇక్కడి తెర అస్తరుకు ఆధారమైనది.

మరి మీ మిత్రురాలు ఎందుకు తడబడ్డారు? ప్రాణం లేని వస్తువులను చెప్పే పదాలు కర్మగా ఉన్నప్పుడు ‘ను’ ప్రత్యయం లేకుండానే రావడం తెలుగులో సహజం, వ్యాకర్తలు అంగీకరించినదీను. ‘బట్ట కత్తిరించాను, దారం ఎక్కించాను, గుండీ కుట్టాను’ అంటాం. ప్రతిచోటా ‘ను’ తగిలించి మాట్లాడితే వినడానికే ఎబ్బెట్టుగా ఉంటుంది. ఈ అలవాటు వల్ల ‘అస్తరు’ అనే కర్మ చూడడానికి కర్త రూపంలోనే కనిపిస్తుంది. దాని పక్కనున్న ‘తెర’ కూడా జడమే కాబట్టి, ఎవరు ఎవరిని కుట్టారన్నది రూపం బట్టి తేలదు. తర్కంగా చూస్తే ప్రశ్న న్యాయమైనదే. వాడుకలో మాత్రం అస్తరు చేత సూది పట్టించే పాఠకుడు ఉండడు.

ఇక ‘కుట్టబడిన’ సంగతి. ‘కుట్టన్’ అనే రూపానికి ‘పడు’ చేరి, ‘ప’కారం ‘బ’గా మారి ఏర్పడేది ఈ కర్మణి రూపం. ఇది తెలుగులో లేనిదని కొందరు అంటారు కాని ఆ మాట సరికాదు. ప్రాచీన కావ్యభాషలో ‘చెప్పఁబడు’, ‘అనఁబడు’ వంటివి ఉన్నాయి. నిజమేమిటంటే, నోటి భాష దీన్ని ఎప్పుడూ మనసారా స్వీకరించలేదు. ‘కనబడు, వినబడు, నిలబడు’ వంటి మాటలు రోజూ వాడతాం గాని వాటిలో ‘ఫలానావారి చేత’ అనే భావమే ఉండదు. ‘ఇచ్చట బట్టలు కుట్టబడును’ అనే వాక్యం రాతలోనే బతికింది. ఆ బోర్డు రాయించినవారు కూడా నోటితో ‘ఇక్కడ బట్టలు కుడతాం’ అనే అంటారు. వీటన్నిటి కంటే ముఖ్యమైన సంగతి మరొకటుంది. ‘అస్తరు కుట్టబడిన తెర’ అన్నా తెరకూ పనికీ సంబంధం ఏమిటో తెలియజేసే ప్రత్యయం రానేలేదు. పైగా కుట్టబడినది అస్తరా తెరా అన్న కొత్త చిక్కు వచ్చిపడింది. ఒక ముడి విప్పబోయి ఇంకొకటి వేసినట్లయింది.

అనుమానానికి తావే ఉండకూడదనుకుంటే తెలుగులో సహజమైన దారులు రెండున్నాయి. ఒకటి క్రియను మార్చడం: ‘అస్తరు వేసిన తెర’ అంటే ఎవరికీ సందేహం రాదు, కుట్టుపని తెలిసినవారు అనేదీ అదే. రెండోది, పని కంటే పని తరువాతి స్థితి మీకు ముఖ్యమైతే ‘అస్తరు కుట్టి ఉన్న తెర’ అనడం. చేసినవారిని చెప్పకుండా దాటవేయడానికి మనకున్న అసలైన ఉపాయం ఈ ‘కుట్టి ఉంది, పెట్టి ఉంది, కట్టి ఉంది’ అనే పద్ధతే.

ధాతుజ విశేషణం అన్ని సంబంధాలనూ మోయగలదని మాత్రం అనుకోకండి. మీరూ మరొకరూ కలిసి తెర కుట్టారనుకుంటే, ఆ మరొకరిని ‘నేను తెర కుట్టిన మనిషి’ అనలేరు. ‘నాతో కలిసి తెర కుట్టిన మనిషి’ అని ఆ వ్యక్తినే కర్తను చేసుకోవలసిందే.

మీరు జతచేసిన మిగతా వాక్యాలు చదివాక నాకు తోచినదేమంటే, మీ మిత్రురాలు తప్పులేని చోట ఆగి, ఆగవలసిన చోట్లు దాటిపోయారు. ‘తెరబట్టకు రెండు పక్కలా 5 సెంటీమీటర్లు వదలాలి’ అన్నారు. 5 ఒక్కొక్క పక్కకా, రెండు పక్కలకూ కలిపా? తయారైన తెర 100 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలనుకుందాం. మీ ఉద్దేశం ప్రకారం బట్టను 110కి కత్తిరించాలి. మొత్తం 5 అని అర్థం చేసుకున్నవారు 105కే కత్తిరించి, ఆపైన మీరు చెప్పినట్టే ఒక్కొక్క అంచునూ 5 మేర మడిచి కుడితే చేతికి వచ్చేది 95. కత్తెర పడ్డాక వాక్యం దిద్దుకుని లాభం లేదు. దీనికి మన భాషలో చక్కని సాధనం ఉంది: ‘అయిదేసి సెంటీమీటర్లు’. అంకె వేసి రాసేటప్పుడు దానికి ‘ఏసి’ అతకదు గనుక ‘5 సెంటీమీటర్ల చొప్పున’ అనండి. ‘వదలాలి’ని కూడా మార్చాలి. కుట్టుపనిలో వదలడం అంటే అదనంగా బట్ట ఉంచడమూ కావచ్చు, కుట్టు వేయకుండా ఖాళీ విడవడమూ కావచ్చు. ‘రెండు పక్కలా 5 సెంటీమీటర్ల చొప్పున అదనంగా ఉంచి కత్తిరించాలి’ అంటే రెండు చిక్కులూ తీరతాయి.

ఆ వెంటనే ‘అస్తరు 3 సెంటీమీటర్లు తక్కువ ఉండాలి’ అన్నారు. ఇక్కడ మీ లెక్క మొత్తం మీద! ఒకే తీరున ఉన్న రెండు వాక్యాల్లో ఒకటి పక్కకు ఇంత అనీ, మరొకటి మొత్తం ఇంత అనీ చెబితే పాఠకుడు ఏం చేయగలడు? అస్తరు ముందువైపుకు తొంగిచూడకూడదనే కదా మీరు తగ్గించమన్నది. ‘అంచులు మడిచాక అస్తరు వెడల్పు తెర వెడల్పు కంటే మొత్తం 3 సెంటీమీటర్లు తక్కువ ఉండాలి, మధ్యకు పరిస్తే ఒక్కొక్క పక్కన ఒకటిన్నర సెంటీమీటరు మేర తెరబట్ట కనిపించాలి’ అని రాయండి. పొడవైన వాక్యమే, కాని చేయి తడబడదు.

‘తిరగేసి’ కూడా అంత నమ్మదగిన మాట కాదు. అంతకుముందు బట్ట ఎటు ఉందో తెలిస్తేనే దానికి అర్థం. ‘అస్తరు పైకి వచ్చేలా పరచాలి’ అంటే చాలు. ‘పొద్దున్నే తెర తీయాలి’ అన్నదీ అంతే. పరదాకు అది సరిపోతుంది. ఈ తెరను ఎత్తుతాం, దించుతాం. ఉతకడానికి, తెర పైఅంచును పట్టి ఉంచే పట్టీ నుంచి దాన్ని ఊడదీసే ఘట్టం మీ పాఠంలోనే ఉంది కనుక ‘తీయడం’ అనే మాటను దానికే అట్టేపెట్టండి.

అన్నిటికంటే నష్టం చేసే వాక్యం మాత్రం చూడడానికి ఏ దోషమూ లేనిది: ‘రింగులను అస్తరుకు కుట్టాలి.’ తెరను ఎత్తే తాడు దూరేది ఈ రింగుల గుండానే. ‘కు’ ప్రత్యయం ఇక్కడ రింగును మోసేది ఏదో చెబుతోంది. పాఠకుడు దాన్ని అక్షరాలా పాటిస్తే సూది అస్తరులోనే దూరి అస్తరులోంచే వస్తుంది. తీరా తాడు లాగినప్పుడు అస్తరు ఒక్కటే మడతలు పడి లేస్తుంది. అంచుల దగ్గర మాత్రమే దానితో కలిసి ఉన్న తెరబట్ట నడుమ జారి, ముందువైపు ఉబ్బుగా వేలాడుతుంది. మీరు చెప్పదలచుకున్నది ఇది: ‘కమ్మీ (సన్నని కడ్డీ) దూర్చిన ప్రతి మడత మీదా రింగును పెట్టి, సూది అస్తరును దాటి తెరబట్టలోని ఒకటి రెండు పోగులను కూడా పట్టుకునేలా, రెంటికీ కలిపి కుట్టాలి.’ పోగులు ఒకటి రెండే అనడం మరిచిపోకండి, లేకుంటే కుట్టు ముందువైపు కనిపిస్తుంది.