ప్రమోషన్ వస్తే ఇల్లేమైపోతుందో అని భయం

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. విజయవాడలో ఓ ప్రభుత్వ బ్యాంకులో స్కేల్-3 ఆఫీసర్‌ని. వేరే రాష్ట్రానికి వేస్తారన్న భయంతో చీఫ్ మేనేజర్ ప్రమోషన్‌కి రెండుసార్లు అప్లై చేయలేదు. పాప ఇంటర్ ఫస్టియర్. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. మావారు ప్రభుత్వ కాలేజీ లెక్చరర్. ఆయనకి కర్నూలు ట్రాన్స్‌ఫర్ అయినప్పుడు మూడేళ్లు నేనే నెట్టుకొచ్చాను. ఇప్పుడేమో "వద్దనను, ఇల్లెలా గడుస్తుందో నువ్వే చూసుకో" అంటున్నారు. నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు ఇవాళ నా పైఅధికారి. మళ్లీ నోటిఫికేషన్ వచ్చింది. ఏం చేయాలో తోచడం లేదు.

జవాబు: కర్నూలు సంగతి ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆయన వెళ్లాలా వద్దా అని అప్పుడు ఇంట్లో ఎవరైనా తర్జనభర్జన పడ్డారా? బ్యాగు సర్దుకున్నారు, వెళ్లారు. మీరున్నారు కాబట్టి ఇల్లు గడిచింది. ఇప్పుడు వెళ్లాల్సింది మీరయ్యేసరికి అదే ఇల్లు గడవదేమోనన్న ప్రశ్న పుట్టుకొచ్చింది.

మీవారు చెడ్డవారని అనను. కానీ "నువ్వే చూసుకో" అనడం ఒప్పుకోవడం కాదు. వద్దన్న మాట మీ నోటితోనే అనిపించడం.

బ్యాంకుల్లో కౌంటర్ల దగ్గర ఆడవాళ్లు బోలెడుమంది కనిపిస్తారు, స్కేలు పెరిగేకొద్దీ పలచబడతారు. ప్రమోషన్‌తోపాటు ట్రాన్స్‌ఫర్ వస్తుంది. అదీ సరిగ్గా పిల్లల ఇంటరూ, పెద్దవాళ్ల అనారోగ్యాలూ ఒకేసారి మీదపడే వయసులో. ఎవరూ పొమ్మనరు. "మీకెందుకమ్మా ఈ తిప్పలు" అని ప్రేమగా అంటారు, అంతే. 2013లో స్టేట్ బ్యాంకుకి తొలి మహిళా చైర్‌పర్సన్ అయిన అరుంధతీ భట్టాచార్యని చూపించి "ఆవిడ చేయలేదా" అని మిమ్మల్ని నిలదీయను. అయితే ఆవిడ హయాంలోనే పిల్లల కోసం, పెద్దవాళ్ల కోసం మహిళా ఉద్యోగులకు రెండేళ్ల వరకు సెలవు తెచ్చారు. చిక్కెక్కడుందో ఆవిడకి తెలుసన్నమాట.

ముందు అప్లై చేయండి. సెలెక్షన్ వేరు, పోస్టింగ్ వేరు. రెండోదానికి భయపడి మీరు మొదటిదే వదులుకుంటున్నారు. పెళ్లయిన మహిళా ఉద్యోగి అడిగితే, వీలైనంతవరకు భర్త పనిచేసే ఊళ్లోనో దగ్గర్లోనో వేయమని 2014 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ ప్రభుత్వ బ్యాంకులకు రాసింది. అది గ్యారంటీ కాదు, అడగడానికి ఆధారం మాత్రం అవుతుంది. మీవారి సర్వీస్ సర్టిఫికెట్, పాప కాలేజీ నుంచి బోనఫైడ్ ఇప్పుడే తీసిపెట్టుకోండి. సెలెక్ట్ అయ్యాక కాదంటే ఎన్నేళ్లు మళ్లీ అవకాశం ఇవ్వరో మీ బ్యాంకు ప్రమోషన్ పాలసీలో చదవండి.

ఇక ఇంట్లో. "నేను వెళ్తే ఎలా" అని మొదలుపెట్టకండి. అత్తగారిని ఫిజియోథెరపీకి ఎవరు తీసుకెళ్తారు, పొద్దున్నే టిఫిన్ ఎవరు చూస్తారు, గ్యాస్ ఎవరు బుక్ చేస్తారు అని కాగితం మీద రాసి, పేర్ల చోట ఖాళీలు వదిలి, మీవారి చేతికివ్వండి. ఆయన్నే నింపమనండి. వంటమనిషి జీతం పెరిగే జీతంలోంచి ఇవ్వొచ్చు. పాపనీ అడగండి. విజయవాడలో ఇంటర్ పిల్లలు తినడానికీ పడుకోవడానికీ తప్ప ఇంట్లో ఎంతసేపుంటారు గనక!

ఆ కుర్రాడి విషయంలో మీకు కలిగింది అసూయేమీ కాదు. సిగ్గుపడక్కర్లేదు.

ఇంత చేశాకా వద్దనిపిస్తే మానేయండి, అప్పుడది మీ ఇష్టంతో మానుకున్నది అవుతుంది. అన్నట్టు, అప్లికేషన్‌కి ఆఖరి తేదీ ఎప్పుడో మీరు రాయలేదు. ముందది చూసుకోండి.