మూడో పేజీలో ఒక వాక్యం

చిరంజీవికి,

ఆశీస్సులు. నీ పేరు గురించి నువ్వు రాసి పంపిన ఐదు పేజీలూ చదివాను. ఈ ఉత్తరంలో నిన్ను పేరు పెట్టి పిలవడం లేదు. ఆ పేరు గురించి మొదట లోకానికి చెప్పాల్సింది నువ్వే కదా.

ముందు రెండు పేజీలూ తీసెయ్. నిఘంటువులో దానికున్న అర్థాలు, అది పుట్టిన ధాతువు, పురాణాల్లో ఎక్కడెక్కడ వస్తుందో, అన్నీ శ్రద్ధగా ఏరి పెట్టావు. కానీ అదే పేరున్న ఎవరైనా ఆ రెండు పేజీలూ ఉన్నదున్నట్టు తమవని వేసుకోవచ్చు. జాన్ స్టూవర్ట్ మిల్ అనే తత్వవేత్త 1843లోనే చెప్పాడు: పేరు ఫలానా మనిషి అని గుర్తుపట్టిస్తుందే గానీ, ఆ మనిషి గుణాల గురించి ఏమీ చెప్పదు. మనవాళ్ళు ఇంకాస్త ఘాటుగా, ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అన్నారు. ధైర్యమని అర్థమొచ్చే పేరున్నవాడు బల్లిని చూసి కుర్చీ ఎక్కొచ్చు. అందులో పేరు తప్పూ లేదు, వాడి తప్పూ లేదు.

అసలు సంగతి మూడో పేజీలో ఉంది. 'ఇది నాకంటే ముందు పుట్టి, ఏడాది నిండకుండానే పోయిన అక్కకు పెట్టిన పేరట' అని ఒక్క వాక్యం రాసి, వెంటనే బళ్ళో స్నేహితుల కబుర్లలోకి వెళ్ళిపోయావు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. 'అట' అని రాశావు చూశావా, అంటే ఎవరో చెప్పగా విన్నావు. ఎవరు చెప్పారు? అప్పటికి నీకెన్నేళ్ళు? విన్న రోజు రాత్రి ఎవరైనా నిన్ను పేరు పెట్టి పిలిస్తే వెంటనే పలికావా?

చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో 1853 మార్చి 30న పుట్టాడు. సరిగ్గా ఏడాది ముందు అదే తారీఖున వాళ్ళమ్మకు ఒక మగబిడ్డ ప్రాణం లేకుండా పుట్టాడు. ఆ బిడ్డ పేరూ విన్సెంటే. తండ్రి పాస్టరు. నెదర్లాండ్స్‌లోని జుండర్ట్‌లో ఆయన పనిచేసిన చర్చి దగ్గరే ఆ పసివాడి సమాధి ఉంది. రాతి మీద విన్సెంట్ వాన్ గో అని పేరు, కింద 1852. చదవడం వచ్చిన పిల్లవాడు ఆ పక్కనుంచి ఎన్నిసార్లు నడిచి ఉంటాడో! ఇంకో చిత్రకారుడు, స్పెయిన్‌కు చెందిన సాల్వడార్ డాలీదీ ఇదే వరస. అన్న సాల్వడార్ 1903 ఆగస్టులో పోయాడు, ఇతను 1904 మేలో పుట్టాడు, పేరు మళ్ళీ అదే.

ఆ సమాధి రాయి వల్లే విన్సెంట్ బతుకంతా బాధల్లో గడిచిందని తేల్చేసేవాళ్ళున్నారు. నువ్వు ఆ దారి పట్టకు. ఒక్క పేరుతో ఒక జీవితాన్నంతా విడమరచి చెప్పేయడం బద్ధకస్తుల పని. నన్ను పట్టుకున్నది ఇంకో చిన్న సంగతి. అతను బొమ్మల మీద ఇంటిపేరు వదిలేసి ఉత్త 'విన్సెంట్' అని సంతకం చేసేవాడు. ప్రదర్శన జాబితాలోనూ అలాగే వెయ్యాలని 1888లో తమ్ముడు తియోకి ఉత్తరం రాశాడు. కారణమేమిటంటే, ఫ్రాన్సులో వాళ్ళకు 'వాన్ గో' అనడానికి నోరు తిరగదట! ఎంత మామూలు కారణమో చూడు. రాయి మీది పేరునీ బొమ్మ మీది పేరునీ పక్కపక్కన పెట్టి ఊరుకుంటే చాలు, చదివేవాళ్ళు తక్కింది చూసుకుంటారు. నువ్వూ అంతే చెయ్యి. మీ అక్క పేరు ఎక్కడైనా రాసి ఉందా, ఒక కాగితం మీదో, ఫొటో వెనకో? ఉంటే ఆ చేతిరాత ఎవరిదో రాయి. 'తీరని వేదన' లాంటి మాటలు మాత్రం దగ్గరికి రానీకు.

ఇంకొకటి. ఆ పేరు రెండోసారి పెట్టినవాళ్ళు ఉన్నారు. వాళ్ళను అడక్కుండా ఈ వ్యాసం రాయకు. అడిగినా చెప్పకపోతే, చెప్పలేదని రాయి. నీ ఊహతో ఆ ఖాళీ పూడ్చొద్దు.

నాలుగో పేజీ నాకు నచ్చింది, కానీ అంతా కంటితో రాశావు. పేరు ముందు చెవిది. నాలుగున్నర నెలల పసిబిడ్డలు వేరే పేర్లకంటే తమ పేరునే ఎక్కువసేపు వింటారని 1995లో ఒక పరిశోధన తేల్చింది. 1959లో నెవిల్ మోరే అనే ఆయన, ఒక చెవిలో పడే మాటలు పైకి వల్లిస్తూ ఉండమని చెప్పి, రెండో చెవిలో వేరే మాటలు వినిపించాడు. ఆ రెండో చెవిలో పడ్డవేవీ జనానికి గుర్తులేవు. తమ పేరు పడినప్పుడు మాత్రం దాదాపు మూడోవంతు మంది పట్టేశారు. కాబట్టి ఎవరు చివరి అక్షరానికి దీర్ఘమిచ్చి పిలుస్తారో, ఎవరు సగానికి తుంచుతారో, కోపమొస్తే తప్ప పూర్తి పేరు ఎత్తనిది ఎవరో రాయి. మీ అమ్మ ఎలా పిలుస్తుందో ఆ ఐదు పేజీల్లో ఎక్కడా లేదు.

'కలం పేరు పెట్టుకోనా మాస్టారూ' అని అడిగావు. పెట్టుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. శ్రీరంగం శ్రీనివాసరావు శ్రీశ్రీ అయ్యారు, భాగవతుల సదాశివ శంకరశాస్త్రి ఆరుద్ర అయ్యారు. చిలీ కవి రికార్డో రేయెస్ 1920లోనే పాబ్లో నెరూడా అయిపోయి, చట్టప్రకారం 1946లో గానీ మార్చుకోలేదు. తప్పేం కాదు. కానీ ఈ వ్యాసం కింద వద్దు. ఇద్దరికి పెట్టిన పేరు గురించి రాసి, కింద మూడో పేరు వేస్తే చదివేవాడికి తికమక.

మూడో పేజీతో మొదలుపెట్టి మళ్ళీ రాయి. ఇంట్లో మాట్లాడాకే పంపు, తొందరేం లేదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు