ఇన్సూరెన్స్ ఉన్నా డాక్టర్ ఆఫీసు నుంచి బిల్లు వచ్చింది, కట్టేయాలా?

కార్డు చూపించినప్పుడు ఇన్సూరెన్స్ తీసుకుంటామన్నారు, నెల తిరిగాక క్లెయిమ్ రాలేదంటూ బిల్లు పంపారు, కట్టేయాలా అని అడిగారు. ఇప్పుడే కట్టకండి. అలాగని పక్కన పడేయకండి కూడా. నేను మొదటిసారి భయపడి కట్టేశాను, ఆ డబ్బు మళ్ళీ తిరిగి రాలేదు.

మా అమ్మకి షుగర్ ఉంది. ఓసారి చెకప్‌కి తీసుకెళ్తే డాక్టర్ హెచ్‌బీఏ1సీ రాశారు. గత రెండు మూడు నెలల్లో షుగర్ సగటున ఎలా ఉందో చెప్పే రక్త పరీక్ష అది. దానికి ఇన్సూరెన్స్ రాలేదని బిల్లొచ్చింది. అమ్మ కంగారుపడుతుందని ఆమెకి చెప్పకుండా కట్టేశాను. తర్వాతి పరీక్షకీ అలాంటి బిల్లే వచ్చేసరికి ఇన్సూరెన్స్ వాళ్ళకి ఫోన్ చేసి, ఏ కారణంతో కాదన్నారో రాసి పంపమన్నాను. అప్పుడు తెలిసింది, డాక్టర్ ఆఫీసువాళ్ళు ఆ పరీక్షని జెడ్00 అనే కోడ్‌తో పంపారని.

ఇన్సూరెన్స్ కంపెనీ మన మనిషిని చూడదు, కోడ్ చూస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఐసీడీ-10 జాబితాలో జెడ్00 అంటే ఏ జబ్బూ, ఏ బాధా లేనివాళ్ళు చేయించుకునే మామూలు చెకప్. టైప్ 2 డయాబెటిస్‌కి కోడ్ ఈ11. షుగర్ లేని మనిషికి ఈ పరీక్ష ఎందుకని వాళ్ళు కాదన్నారు. డాక్టర్ ఆఫీసులో బిల్లింగ్ చూసే ఆవిడ కోడ్ సరిచేసి మళ్ళీ పంపితే క్లెయిమ్ పాసైంది. మొదటి బిల్లుకి మాత్రం మళ్ళీ పంపే గడువు దాటిపోయింది. ఒక్క ఫోన్ చేసుంటే సరిపోయేదే అని ఇప్పటికీ బాధేస్తుంది.

మీరు ముందుగా డాక్టర్ ఆఫీసుకి ఫోన్ చేసి, ఏ తేదీన ఏ పరీక్ష, ఏ కోడ్, ఎంత అన్నది విడివిడిగా రాసిన బిల్లు అడగండి. దాన్ని ఇన్సూరెన్స్ కంపెనీ పంపిన స్టేట్‌మెంట్‌తో లైను లైనుగా పోల్చి చూడండి. క్లెయిమ్ పరిశీలనలో ఉందని, అప్పటిదాకా బిల్లు ఆపమని కూడా అప్పుడే చెప్పండి. ఎవరితో మాట్లాడారో పేరు, తేదీ, రిఫరెన్స్ నంబరు రాసుకోండి. కౌంటర్లో ఉన్నవాళ్ళతో మంచిగా మాట్లాడండి. కాదన్నది వాళ్ళు కాదు, సరిచేసి పంపాల్సింది మాత్రం వాళ్ళే.

ఒక్కోసారి బిల్లు సరైనదే అయ్యుండొచ్చు. ఏడాదికి మీరు ముందుగా భరించాల్సిన మొత్తం, అంటే డిడక్టిబుల్, ఇంకా పూర్తి కాకపోతే ఆ ఖర్చు మీదే. అది పూర్తయ్యాక కూడా కొన్ని పాలసీల్లో 20 శాతమో ఎంతో మీ వాటా ఉంటుంది. అలాంటప్పుడు ఒకేసారి కట్టలేకపోతే గడువుకి ముందే వెళ్ళి వాయిదాలు అడగండి. నేను అడిగితే ఒప్పుకున్నారు.

ఇకమీదట "మా ఇన్సూరెన్స్ తీసుకుంటారా?" అని అడిగి ఊరుకోకండి. తీసుకోవడం వేరు, మీ ప్లాన్ నెట్‌వర్క్‌లో, అంటే ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందం ఉన్నవాళ్ళ జాబితాలో, ఉండటం వేరు. డాక్టర్ నెట్‌వర్క్‌లో ఉన్నా, రక్తం పంపే ల్యాబ్ ఉండకపోవచ్చు. స్కాన్ రాస్తే, దానికి ఇన్సూరెన్స్ కంపెనీ ముందస్తు అనుమతి కావాలా, ఎవరు తీసుకుంటారు అని ఆ రోజే తేల్చుకోండి.

కోడ్ సరిగ్గానే ఉండి, అయినా కాదంటే అప్పీల్ చేయొచ్చు. తిరస్కరించిన ఉత్తరంలో గడువు రాసుంటుంది, ముందు అది చూడండి. తర్వాత డాక్టర్‌ని ఒక లేఖ అడగండి. జబ్బు ఎప్పటి నుంచి ఉంది, ఈ పరీక్ష ఫలితాన్ని బట్టి మందు ఎలా మారుస్తారు అన్న రెండు విషయాలూ అందులో ఉండేలా చూసుకోండి.