బీరువాలో డిస్క్, సర్వర్‌లో అలర్ట్

బరంపురం

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. నిన్న ఫోన్లో నువ్వన్న మాట రాత్రంతా నా చెవిలోనే ఉంది. "బ్యాకప్ డిస్క్ ఆఫ్‌లైన్ అని రోజూ మెయిల్ వస్తోంది మావయ్యా, అది మామూలేనట, పట్టించుకోవద్దని ఇదివరకు చూసినాయన చెప్పాడు" అన్నావు. ఫోన్లో అయితే సగం చెప్పి సగం మర్చిపోతానని రాస్తున్నాను. తీరిగ్గా కూర్చుని చదువు.

మీ మందుల షాపులో బ్యాకప్‌కి, అంటే సర్వర్‌లోని లెక్కల నకలు దాచడానికి, రెండు డిస్కులున్నాయి. ఒకటి సర్వర్‌కి తగిలించి ఉంటుంది, రెండోది ఓనరు గారింట్లో బీరువాలో ఉంటుంది. శనివారం శనివారం మారుస్తారు. పద్ధతి చాలా మంచిది, ఎవరేమన్నా మానకు. కాకపోతే బీరువా సంగతి సర్వర్‌కి తెలీదు. తన లిస్టులో ఉన్న డిస్క్ కనబడకపోతే ఆఫ్‌లైన్ అంటుంది, అంతే. ఇంట్లో భద్రంగా ఉన్నా అదే మాట, వైరు ఊడినా అదే మాట, డిస్క్ పూర్తిగా పోయినా అదే మాట. అందుకే అలర్ట్ రాగానే రెండు సంగతులు చూసుకోవాలి: అది ఏ డిస్క్, ఇవాళ ఆ డిస్క్ ఎక్కడ ఉండాలి.

ఈ రెండూ చూసుకోకే నేను దెబ్బ తిన్నాను. 2018లో మీ పర్లాకిమిడిలోనే ఒక బియ్యం వ్యాపారి లెక్కల సర్వర్ చూసేవాణ్ణి. అక్కడా ఇలాగే రెండు డిస్కులు. ఒకటి ఎప్పుడూ ఇంట్లో ఉంటుంది కాబట్టి అలర్ట్ కూడా ఎప్పుడూ ఉండేది, కంటికి అలవాటైపోయింది. సెప్టెంబరులో షాపులో ఉన్న డిస్క్ అడాప్టర్ కాలిపోయింది. రోజూ వచ్చే ఒక్క అలర్ట్ రెండయింది. నేను చూసుకోలేదు. అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. అక్కణ్ణుంచి మనకి ఎంత దూరం కనక! ఆ గాలి, ఆ వాన నీకూ గుర్తుండే ఉంటాయి. షాపు రేకులు లేచిపోయి సర్వర్ మీద గంటల తరబడి నీళ్లు పడ్డాయి. బ్యాకప్ ఉందిలే అన్న ధైర్యంతో డిస్కులు తెచ్చి చూస్తే, చివరి కాపీ 19 రోజుల కిందటిది. ఆ 19 రోజుల బిల్లులూ జనరేటర్ పెట్టుకుని మళ్లీ ఎక్కించాం. ఆ వ్యాపారి కొడుకు తడిసిన రసీదుల్ని ఒక్కొక్కటే విడదీసి, పైన గుడ్డ వేసి ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టి అందిస్తుంటే నేను టైప్ చేశాను. కొన్నింటి మీద సిరా మొత్తం పోయింది, ఆ బాకీలు ఇక రాలేదు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఇన్నేళ్లయినా ఆ బాధ పోలేదు, అందుకే నీకింత గట్టిగా చెబుతున్నాను.

ముందు డిస్కులకి పేర్లు పెట్టు. మీది విండోస్ సర్వర్ బ్యాకప్ కదా, డిస్క్‌ని పూర్తిగా దానికి అప్పజెప్పినప్పుడు అదే ఒక లేబుల్ రాసుకుంటుంది: సర్వర్ పేరు, తేదీ, టైము, చివర డిస్క్ నంబరు. ఆ నంబరు చూసి ఒకదానికి ఎర్ర స్టిక్కరు, ఇంకోదానికి పచ్చ స్టిక్కరు అంటించు. రంగులే ఎందుకంటే, నువ్వు సెలవు పెట్టిన రోజు డిస్క్ మార్చేది మీ గొడౌన్ కుర్రాడు. అతనికి ఒడియా తప్ప చదవడం రాదన్నావు, తెలుగులో రాస్తే ఏం లాభం? పక్కనే గోడ మీద క్యాలెండర్లో ఏ వారం ఏ రంగు అని గుర్తు పెట్టు. ఇక మెయిల్ రాగానే గోడ వైపు చూస్తే చాలు. ఎర్రది ఇంట్లో ఉండాల్సిన వారం, అలర్ట్ ఎర్రదాని గురించే అయితే టెన్షన్ అక్కర్లేదు. పచ్చదాని గురించి వచ్చిందా, చేతిలో పని పక్కన పెట్టి లేచి వెళ్లు.

వెళ్లి మొదట కంప్యూటర్ ముట్టుకోకు, డిస్క్ ముట్టుకో. లైటు వెలుగుతోందా, తిరుగుతున్నట్టు చేతికి తెలుస్తోందా? మీవి పెద్ద డిస్కులు, మూడున్నర అంగుళాలవి. వాటికి యూఎస్‌బీ నుంచి వచ్చే కరెంటు చాలదు, విడిగా 12 వోల్టుల అడాప్టర్ ఉంటుంది. మన ఊళ్ల కరెంటు సంగతి తెలిసిందే, డిస్క్ కన్నా ముందు అడాప్టరే పోతుంది. సరిగ్గా అలాంటిదే ఇంకోటి కొని ఉంచుకో. అడాప్టర్ ప్లగ్గు గోడకి కాదు, యూపీఎస్‌కే పెట్టు. యూఎస్‌బీ వైరు సర్వర్ వెనకాల పోర్టుకి నేరుగా తగిలించు, మధ్యలో హబ్ పెట్టకు.

అవన్నీ బాగుంటే అప్పుడు సర్వర్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరువు, తగిలించిన డిస్కులన్నీ అక్కడ వరసగా కనిపిస్తాయి. బ్యాకప్ డిస్క్‌కి సి, డి లాంటి డ్రైవ్ లెటర్ ఉండదు, మై కంప్యూటర్‌లో కనబడదు, అది చూసి కంగారు పడకు. డిస్క్ పక్కన ఆఫ్‌లైన్ అని ఉంటే, ఎవరైనా తీసేముందు అలా పెట్టి ఉండొచ్చు. రైట్ క్లిక్ చేసి ఆన్‌లైన్ నొక్కితే వచ్చేస్తుంది. కానీ కారణం దగ్గర సిగ్నేచర్ కొలిజన్ అని ఉంటే నొక్కకు. ఎవరో ఆ డిస్క్‌కి నకలు తీసి రెండూ ఒకేసారి తగిలించారని అర్థం. నకలు ఊడదీస్తే చాలు.

ఒక్కోసారి డిస్క్‌ని ఇనిషియలైజ్ చేయమంటావా, అంటే కొత్త డిస్క్‌లా మొదలుపెట్టమంటావా అని తెర మీద పెట్టె వస్తుంది. క్యాన్సిల్ నొక్కు. ఫార్మాట్ చేయమంటావా అన్నా క్యాన్సిలే. ఆ డిస్క్‌లో ఏముందో సర్వర్‌కి ఆ నిమిషంలో చదవడం రాలేదు, అంతమాత్రాన అందులో ఏమీ లేదని కాదు. నాకు తెలిసిన ఒకబ్బాయి ఈ ఒక్క బటన్‌తో ఏడాది లెక్కలు పోగొట్టుకున్నాడు.

డిస్క్ వస్తూ పోతూ ఉంటే ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ చూడు, జరిగిన ప్రతి సంగతినీ సర్వర్ అక్కడ ఒక నంబరుతో రాసుకుంటుంది. 157 అంటే డిస్క్ చెప్పాపెట్టకుండా ఊడిపోయింది: వైరో, కరెంటో, లేదా కాసేపు వాడకపోతే యూఎస్‌బీని నిద్రపుచ్చే పవర్ సెట్టింగో. ఆ సెట్టింగ్ తీసెయ్. 7 కనిపిస్తే డిస్క్‌లో చెడిపోయిన చోట్లున్నాయి. 153 మాటిమాటికీ వస్తుంటే చదవడానికీ రాయడానికీ అది అవస్థ పడుతోంది. వైరు మార్చినా ఆగకపోతే ఇంక ఆ డిస్క్‌ని నమ్మకు, ఓనరు గారికి చెప్పి కొత్తది కొనిపించు. డబ్బు దగ్గర మొహమాటపడకు.

కొత్తది చేర్చేటప్పుడు ఒక జాగ్రత్త. బ్యాకప్ షెడ్యూల్‌లో చేర్చిన డిస్క్‌ని అది ఫార్మాట్ చేసేస్తుంది. కనక ఆ పని పూర్తయ్యేదాకా రెండో డిస్క్ బీరువాలోంచి బయటికి రాకూడదు. పోయిన డిస్క్‌ని అదే షెడ్యూల్‌లోంచి తీసెయ్, లేకపోతే జన్మంతా ఆఫ్‌లైన్ అని మెయిల్ పంపుతూనే ఉంటుంది. అలాంటి ఉత్త అలర్టులే మన కళ్లు కప్పేస్తాయి.

అంతా అయ్యాక, రాత్రి తొమ్మిదికి రోజూ నడిచే బ్యాకప్ దాకా ఆగకుండా అప్పుడే ఒక బ్యాకప్ నడిపించు. అందులోంచి ఒక్క బిల్లు ఫైలు వేరే ఫోల్డర్‌లోకి వెనక్కి తెచ్చి, తెరిచి చూడు. అంకెలు కనబడితేనే ఇంటికి వెళ్లు.

ఈ శనివారం మార్చేటప్పుడు రెండు డిస్కుల లేబుళ్లూ ఫొటో తీసి నాకు పంపు. నీకొచ్చే అలర్ట్ ఒకటో రెండో కూడా చెప్పు, నిన్న ఆ మాట అడగడం మర్చిపోయాను. అక్కని మోకాళ్ల నొప్పికి మందు మానొద్దన్నానని చెప్పు.

మావయ్య