మైనస్ వోల్టేజ్‌ని పిన్‌కి ఇచ్చే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

ఆర్డుయినో ఊనో (ప్రోగ్రాం రాసి నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు) అనలాగ్ పిన్‌కి మైనస్ 5 వోల్టులు ఇచ్చి చూడొచ్చా అని అడిగావు. వద్దు నాయనా. ఆ పిన్ కొలవగలిగేది 0 నుంచి 5 వోల్టుల వరకే. గ్రౌండ్ (బోర్డు సున్నా వోల్టు పాయింటు) కన్నా అర వోల్టు కిందికి దిగితే చిప్ హద్దు దాటినట్టే. లోపలి రక్షణ డయోడ్ (కరెంటుని ఒక వైపే పోనిచ్చే భాగం) కరెంటు లాగుతూ ఉంటుంది, రీడింగ్ మాత్రం 0 అనే వస్తుంది. అది చూసి ఏమీ కాలేదనుకుంటారు. పిన్ పాడయ్యేది అప్పుడే.

ముందు ఒకటి చూసుకో. నువ్వు కొలిచేది బోర్డుతో ఏ సంబంధమూ లేని విడి బ్యాటరీ అయితే వైర్లు తిరగేస్తే చాలు. రెండు వైపులా ఊగే సిగ్నల్ అయితేనో, దాని గ్రౌండ్ ఇప్పటికే బోర్డు గ్రౌండ్‌తో కలిసి ఉంటేనో సర్క్యూట్ కావాలి.

అందుకు రెండు 10 కిలో ఓమ్ రెసిస్టర్లు చాలు. ఒకటి సిగ్నల్ నుంచి పిన్‌కి, రెండోది బోర్డు 5 వోల్టుల నుంచి అదే పిన్‌కి. పిన్ దగ్గర సిగ్నల్, 5 వోల్టుల సగటు వస్తుంది: మైనస్ 5కి 0, సున్నాకి 2.5, ప్లస్ 5కి 5. ప్రోగ్రాంలో పిన్ వోల్టేజ్‌ని రెట్టింపు చేసి 5 తీసెయ్. సిగ్నల్ ప్లస్ మైనస్ 10 దాకా వెళ్తుందా? సిగ్నల్ నుంచి పిన్‌కి 20 కిలో ఓమ్‌లు, బోర్డు 5 వోల్టుల నుంచి పిన్‌కి 10 కిలో ఓమ్‌లు, పిన్ నుంచి గ్రౌండ్‌కి 20 కిలో ఓమ్‌లు పెట్టి, వచ్చినదాన్ని 4తో గుణించి 10 తీసెయ్. కరెంటు ఆదా అవుతుందని వందల కిలో ఓమ్‌లకి పోకు. రెసిస్టర్లని సమాంతరంగా లెక్కేస్తే పిన్ వెనకాల 10 కిలో ఓమ్‌ల లోపు ఉంటేనే ఏడీసీ (వోల్టేజ్‌ని అంకెగా మార్చే భాగం) లోపలి కెపాసిటర్ సమయానికి నిండుతుంది.

యూఎస్‌బీ నుంచి వచ్చే 5 వోల్టులు సరిగ్గా 5 ఉండవు. మల్టీమీటర్‌తో కొలిచి ఆ అంకెనే ప్రోగ్రాంలో రాయి.

డిఫరెన్షియల్ ఏడీసీ కొంటే ఈ తంటా ఉండదని నీకెవరో చెప్పారట. నమ్మకు. ఆ రకం చిప్ ఏడీఎస్ 1115 మైనస్ అంకెలు చూపిస్తుంది, నిజమే. అయితే అది రెండు పిన్‌ల మధ్య తేడా. ఏ పిన్ అయినా గ్రౌండ్ కన్నా 0.3 వోల్టుకి మించి కిందికి పోకూడదు. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే.

ఇంటి కరెంటు జోలికి మాత్రం ఈ రెసిస్టర్లతో వెళ్లొద్దు. దానికి ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి.

ఇంకొకటి గట్టిగా చెబుతున్నాను. బోర్డు ఆఫ్‌లో ఉంటే పైకి లాగే 5 వోల్టులు ఉండవు, అప్పుడు మైనస్ సిగ్నల్ వస్తే పిన్ సున్నా కిందికి పోతుంది. 10 కిలో ఓమ్ రెసిస్టర్ ఆ కరెంటుని అర మిల్లీ ఆంపియర్ లోపే ఆపుతుంది కాబట్టి వెంటనే ప్రమాదం లేదు. అయినా పిన్‌కీ గ్రౌండ్‌కీ మధ్య ఒక షాట్కీ డయోడ్ (తక్కువ వోల్టేజ్‌కే కరెంటు వదిలే రకం) పెట్టు, గీత ఉన్న వైపు పిన్‌కి రావాలి. ముందు బోర్డు ఆన్ చెయ్, తర్వాతే సిగ్నల్ కలుపు. తీసేటప్పుడు ముందు సిగ్నల్ తియ్.