పడవ దగ్గర ఆగిపోయిన కథ

ప్రశ్న: మాది రాజోలు వైపు, గోదావరి పాయల మధ్య లంక గ్రామం. వరదొచ్చినా ఇల్లు వదలనని మొండికేసే మామ్మ మీద కథ మొదలెట్టాను. మామ్మ పెళ్లి, తాతయ్య పోవడం, 1986 వరద అన్నీ అయ్యేసరికి నలభై పేజీలొచ్చాయి, మీకు పంపాను. ఇప్పుడు గుమ్మంలోకి పడవొచ్చింది. మామ్మ ఎక్కదు, నా కలం కదలదు. ముందే ప్లాట్ వేసుకుని ఉండాల్సిందా?
- ఒక పాఠకురాలు

జవాబు: నలభయ్యో పేజీకి పడవొచ్చిందా తల్లీ! నేనూ ఒకప్పుడు కొబ్బరి దింపు తీసే మనిషి మీద కథ రాస్తే, చెట్టెక్కడానికే ఆరు పేజీలు పట్టింది. మా ఆవిడ చదివి, "ఈయన దిగేసరికి కింద కాయలు మొలకలెత్తుతాయి" అంది.

మీకు ప్లాట్ ధవళేశ్వరంలో సిద్ధంగా ఉంది. బ్యారేజీ దగ్గర నీరు 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఒక్కో హెచ్చరికకీ మామ్మ సాకు ఒకటి ఊడగొట్టండి. "ఆవునెవరు చూస్తారు?" అంటుంది. మనవడు ఆవుని ఏటిగట్టు మీదకి తోలుకెళ్లిపోతాడు. రెండో హెచ్చరికకి బియ్యం, ఆవకాయ జాడీ అటకెక్కేస్తాయి. ఇక సాకుల్లేవు.

మొదటిదానికీ రెండోదానికీ మధ్య రెండడుగులే. రెండోదానికీ మూడోదానికీ నాలుగు. కథ నిలబడాల్సింది ఆ నాలుగడుగుల్లో, ఆ రాత్రి. ఎగువన భద్రాచలంలో నీరు తగ్గుముఖం పట్టిందని టీవీలో చెబుతారు, పట్నం కొడుకు ఫోన్‌లో "హమ్మయ్య" అంటాడు. అక్కడ తగ్గినా ఇక్కడ ఇంకా పెరుగుతుందని మామ్మకి తెలుసు. అయినా కదలదు. ఎందుకు? అది మీకు తెలియకుండా ఎన్ని ప్లాట్లు గీసినా దండగే.

నాకో అనుమానం. 86లో మామ్మ పడవెక్కిందని రాశారు, ఆ రోజు ఒడ్డున ఎవరు మిగిలిపోయారో రాయలేదు. అది తేల్చుకోండి. అప్పుడు ఆ వరద పేజీలన్నీ మామ్మ నోట రెండు ముక్కల్లో తేలిపోతాయి, అదీ దీపం ఆర్పాక చీకట్లో.

పెళ్లి సంగతి ఈ కథకి అక్కర్లేదు. పెళ్లికూతురు పంటు మీద పాయ దాటుతూ చెప్పులు తడవకుండా చేత్తో పట్టుకున్న పేరా మాత్రం భలే ఉందండీ. దాన్ని విడిగా దాచండి, ఇంకో కథకి పనికొస్తుంది.