అనంతపురం వేరుశనగ రైతులతో గూగుల్ ఫారంలో (ఆన్‌లైన్ ప్రశ్నపత్రం) సర్వే చేస్తున్నాం. అందులో పంపేసిన జవాబును రైతు మళ్లీ దిద్దుకోవచ్చా?

దిద్దుకోవచ్చు. అనంతపురం వేరుశనగ రైతుల సర్వే అంటున్నారు కాబట్టి ఆ వీలు ఇచ్చి తీరాలి. విత్తేటప్పుడు చెప్పిన దిగుబడి అంచనా, వాన మొహం చాటేస్తే చెట్టు పీకేనాటికి నిలవదు.

గూగుల్ ఫారం సెట్టింగ్స్‌లో, రెస్పాన్సెస్ కింద 'అలో రెస్పాన్స్ ఎడిటింగ్' ఆన్ చేయండి. సబ్మిట్ కాగానే ఎడిట్ లింకు కనబడుతుంది. ఈమెయిల్ సేకరించి జవాబు కాపీ పంపేలా పెడితే లింకు అందులోనూ వెళ్తుంది. ఈమెయిల్ వాడని రైతు (చాలామంది అంతే) లింకును కాపీ చేసి ఫోన్‌లో దాచుకోవాలి, ఇందుకు పక్కనుండి సాయం చేయండి.

అసలు జాగ్రత్త వేరే ఉంది. దిద్దిన జవాబు, జవాబులు చేరే గూగుల్ షీటులో పాతదాని మీదే పడుతుంది. అంచనాకూ అసలు దిగుబడికీ తేడా చూడాలంటే, మొదటి విడత జవాబులను ముందే వేరే షీటులోకి కాపీ చేసుకోండి. ఎడిట్ లింకు ఎవరి చేతిలో పడినా జవాబు మార్చేయొచ్చు, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టనివ్వకండి.